గొంతు వెంట నడిచే కీబోర్డు

సినిమా పాటల విభావరికి వచ్చినవాళ్ల చూపు ముందు గాయకుల మీదికి, ఆ తర్వాత తబలా మీదికి, ప్యాడ్స్ మీదికి వెళ్తుంది. ఓ పక్కన ఒకదానిపై ఒకటి రెండు కీబోర్డులు పెట్టుకుని నిలబడ్డ మనిషి ఏం చేస్తున్నాడో చాలామందికి తెలియదు. వీణ వినిపిస్తుంది, వీణ కనిపించదు. వరసగా వయొలిన్లు మోగుతాయి, ఒక్క కమానూ కదలదు. అవన్నీ ఆ మనిషి రెండు చేతుల కిందే ఉంటాయి. నేను చేసేది ఆ పనే. ఉండేది హైదరాబాద్ అశోక్ నగర్‌లో. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ నడిచి వెళ్లేంత దూరం; సామాను వల్ల ఆటో ఎక్కుతాను.

నిర్వాహకులు తరచూ అడుగుతుంటారు: “ఇంత సరంజామా ఎందుకండీ, ట్రాక్ పెట్టుకుంటే సరిపోదా?” సరిపోదు. ట్రాక్ ఆగదు. గాయకుడు చరణంలో ఓ మాట దగ్గర మనసు పడి కాస్త నిలబడాలనుకుంటే అది ముందుకెళ్లిపోతుంది. జనం పల్లవి మళ్లీ అడిగితే దానికి వినపడదు. మేం మోసుకొచ్చే ప్రతి పెట్టె, ప్రతి వైరు ఒక్క పని కోసమే: పాడే గొంతు ఎటు వెళ్తే అటు వెళ్లగలగడం.

హార్మోనియం నుంచి ఇక్కడిదాకా

ఈ పని మన వేదికలకు కొత్తది కాదు. పద్యనాటకాల్లో హార్మోనిస్టు నటుడి గొంతు పట్టుకునే నడిచేవాడు. రాగం ఎంతసేపు తీస్తే అంతసేపు ఆగేవాడు, ‘వన్స్‌మోర్’ అంటే మళ్లీ అందించేవాడు. శ్రుతులు ఇప్పటికీ హార్మోనియం మెట్ల లెక్కలోనే చెప్పుకుంటాం. తెల్లమెట్టు ‘స’ ఒకటి, దాని పక్క నల్లమెట్టు ఒకటిన్నర. “నాకు నాలుగున్నర ఇవ్వండి” అని గాయని అంటే, గిటారిస్టు దాన్ని ఎఫ్ షార్ప్ అనుకుంటాడు.

కరెంటుతో మోగే కీబోర్డు సత్తా ఏమిటో దేశానికి తెలియజెప్పింది 1954లో వచ్చిన హిందీ చిత్రం ‘నాగిన్’. అందులో పాములవాడి బూరగా వినిపించింది క్లావియోలిన్ అనే చిన్న ఎలక్ట్రానిక్ వాద్యం. దాన్ని వాయించింది తర్వాత సంగీత దర్శకుడైన కల్యాణ్‌జీ. 1983లో యమహా డీఎక్స్7 కీబోర్డు వచ్చింది. ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని కదిలించి కొత్త నాదం పుట్టించే పద్ధతిని అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ చౌనింగ్ 1967లో కనిపెట్టారు. ఆ పద్ధతితో వచ్చిన వాద్యాల్లో ప్రపంచమంతా పాకింది డీఎక్స్7. గంటలా మెరిసే దాని ఎలక్ట్రిక్ పియానో ధ్వని ఎనభైల పాటల్లో మీరు ఎన్నోసార్లు విని ఉంటారు.

అదే 1983లో మిడి వచ్చింది. అమెరికాకు చెందిన డేవ్ స్మిత్, జపాన్‌లో రోలాండ్ కంపెనీ స్థాపించిన ఇకుతారో కకెహాషి ముందుండి నడిపిన ఒప్పందం ఇది. ఏ కంపెనీ కీబోర్డు అయినా ఇంకో కంపెనీ కీబోర్డుతో మాట్లాడుకోవచ్చు. మిడి వైరులో శబ్దం ప్రయాణించదు. ఏ మెట్టు నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న సమాచారమే వెళ్తుంది. స్వరాలు రాసిన కాగితం పాడకపోయినా, చదివినవాడు పాడగలిగినట్టే ఇదీ. ఇందుకే స్మిత్, కకెహాషిలకు 2013లో సాంకేతిక గ్రామీ పురస్కారం దక్కింది.

తెలుగు సినిమాకు ఈ విద్య ఎంత చేసిందో చెప్పడానికి రెండు పేర్లు చాలు. సంగీత దర్శకులు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించినవారిలో ఏఆర్ రెహమాన్ ఒకరు. మణిశర్మ కూడా సంగీత దర్శకుడు కాకముందు కీబోర్డు కళాకారుడే.

రెండు అంతస్తుల స్టాండు

నా స్టాండు మీద కింద ఉండేది పియానో, ఎలక్ట్రిక్ పియానో, బేస్ కోసం. పైన ఉండేది స్ట్రింగ్స్, వేణువు, వీణ, షెహనాయ్, బ్రాస్ కోసం. కుడి చేయి పైమెట్ల మీద వేణువు బిట్ వాయిస్తుంటే ఎడమ చేయి కింద పియానో మీద కార్డ్ పట్టుకుని ఉంటుంది. ఒకే కీబోర్డును రెండు ముక్కలు చేసి ఎడమవైపు ఒక టోన్, కుడివైపు ఇంకో టోన్ పెట్టుకోవచ్చు. దాన్ని స్ప్లిట్ అంటాం. రెండు టోన్లు ఒకే మెట్టు కింద కలిపితే లేయర్.

మన ఆర్కెస్ట్రాల్లో రోలాండ్‌దే పెద్ద వాడకం. 1996లో వచ్చిన ఎక్స్‌పీ-80 ఇప్పటికీ కొందరి దగ్గర పనిచేస్తోంది. ఫ్లాపీ డిస్కులో పాటలు దాచుకునే కాలం నాటి యంత్రం అది. ఇప్పుడు ఎక్కువగా కనిపించే ఎక్స్‌పీఎస్-10 బరువు నాలుగు కిలోల చిల్లర. అందులో భారతీయ వాద్యాల ధ్వనులూ ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లో మన ధ్వనులు తెచ్చి ఎక్కించుకోవచ్చు. యమహా పీఎస్ఆర్-ఐ వరుస కీబోర్డుల్లో తబలా, తంబూరా ఉంటాయి. ఇంట్లో సాధనకు బాగుంటాయి. అశోక్ నగర్‌లో మా చుట్టూ పోటీ పరీక్షలకు చదివే పిల్లల హాస్టళ్లే. రాత్రి నా సాధనంతా హెడ్‌ఫోన్‌లోనే సాగుతుంది. వాళ్ల చదువు చెడదు, నా సాధన ఆగదు.

మెట్టు కింద ఏముందో కూడా చెప్పాలి. స్పర్శను పట్టుకునే కీబోర్డుల్లో ప్రతి మెట్టు కింద రెండు చిన్న రబ్బరు కాంటాక్టులు ఉంటాయి. మెట్టు దిగేటప్పుడు ఒకటి ముందు, ఇంకొకటి కాస్త తర్వాత తగులుతాయి. ఆ రెంటి మధ్య పట్టిన సమయాన్ని బట్టి వేలు ఎంత వేగంగా దిగిందో యంత్రం లెక్కగడుతుంది. సమయం తగ్గితే ధ్వని పెద్దది. ఎండాకాలం ఆరుబయట కార్యక్రమాల్లో దుమ్ము పడి ఒక కాంటాక్టు సరిగా తగలకపోతే, మెత్తగా వాయించిన స్వరం ఒక్కసారిగా పెద్దగా మోగుతుంది, లేదా మోగనే మోగదు. విప్పి, మెత్తటి గుడ్డతో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవాలి. జాక్‌లు, వైర్లు కోఠి గుజరాతీ గల్లీలో కొనుక్కొచ్చి నేనే టంకం పెట్టుకుంటాను.

మెట్ల మధ్య ఉన్న స్వరం

మన సంగీతం మెట్ల మీద కన్నా మెట్ల మధ్యనే ఎక్కువ. కీబోర్డులో ‘ని’ ఒక చోట, ‘స’ ఒక చోట బిగించినట్టు ఉంటాయి. వేణువు ‘ని’ నుంచి ‘స’కు జారుతుంది. ఆ జారుడు కోసం రోలాండ్‌లో ఎడమ పక్కన చిన్న లివర్ ఉంటుంది. పక్కకి నెడితే స్వరం పైకో కిందికో వంగుతుంది, ముందుకు తోస్తే కంపిస్తుంది. యమహాలో ఈ పనికి రెండు చక్రాలు ఉంటాయి. లివర్‌ను చివరిదాకా నెడితే రెండు మెట్ల దూరం వంగేలా పెట్టుకుంటాను. ‘ని’ నొక్కి సగం నెడితే ‘స’, పూర్తిగా నెడితే పై రిషభం. ఆ సగం ఎక్కడుందో ఎడమ చేతికి అలవాటు కావడానికి ఏళ్లు పడుతుంది.

ధ్వని ఒక్కటే చాలదు, ఆ వాద్యం నడక కూడా రావాలి. వేణువు కళాకారుడు ఊపిరి తీసుకుంటాడు కాబట్టి వేణువు టోన్‌లో ఆగకుండా వాయిస్తే అబద్ధంగా ఉంటుంది. వీణ మీటు వినిపించాక నాదం కరిగిపోవాలి. వేలు మెట్టు మీద ఉంచి సాగదీయకూడదు. వయొలిన్ల కార్డులో స్వరాలు దగ్గర దగ్గరగా కుక్కితే హార్మోనియం అయిపోతుంది, ఎడంగా పరచాలి.

శ్రుతి మార్చడానికి ట్రాన్స్‌పోజ్ అనే బటన్ ఉంది. ఒకటిలో నేర్చుకున్న పాటను బటన్ నొక్కి నాలుగున్నరలో మోగించవచ్చు. కానీ బేస్ గిటారిస్టు నా వేళ్లు చూసి కార్డ్ పట్టుకుంటాడు. నా వేలు ఒకటి మీద ఉండి నాలుగున్నర మోగితే అతను తడబడతాడు. అందుకే వీలైనంతవరకు అసలు శ్రుతిలోనే వాయిస్తాను. ప్రతి పాట పేరు, గాయకుడి శ్రుతి, టోన్ల వరుస ఒక నోట్‌బుక్కులో రాసి, కీబోర్డులోనూ అదే వరుసలో దాచుకుంటాను. చరణం మధ్యలో వీణ నుంచి స్ట్రింగ్స్‌కు మారడానికి ఒక్క బటన్, ఒక్క క్షణం. సభ మధ్యలో సన్మానాలు ఉంటాయి. శాలువా కప్పేటప్పుడు వినిపించే మెత్తటి వాద్యం కూడా ఆ వరుసలో ఉంటుంది.

లైను, కరెంటు, ఎర్త్

కీబోర్డు నుంచి మిక్సర్‌కు నేరుగా పొడవాటి వైరు లాగితే దారిలో ఉన్న లైట్ల రొదంతా అందులోకి వస్తుంది. దాన్ని ఆపడానికి డీఐ బాక్స్ అనే చిన్న పెట్టె వాడతాం. అది ధ్వనిని రెండు తీగల్లో ఒకదానికొకటి తిరగేసి పంపుతుంది. దారిలో చేరిన రొద రెండింట్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి మిక్సర్ దగ్గర రద్దవుతుంది. చాలా హాళ్లలో స్పీకర్లన్నింటికీ ఒకే లైను కలుపుతారు. అలాంటి చోట కీబోర్డు కుడి, ఎడమ రెండు లైన్లూ ఇచ్చి కలిపితే పియానో డొల్లగా వినిపించవచ్చు. ‘లెఫ్ట్/మోనో’ అని రాసి ఉన్న ఒక్క రంధ్రంలోంచే లైను ఇస్తాను.

ఒక జిల్లా కేంద్రంలో పెళ్లి సంగీత్‌కు వెళ్లాం. చరణం మధ్యలో కరెంటు పోయి జనరేటర్ అందుకుంది. లైట్లకు రెప్పపాటే పట్టింది. కీబోర్డు మాత్రం ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి తెరుచుకుంది. పెద్ద వర్క్‌స్టేషన్లు కొన్నింటికి అందుకు నిమిషం పైనే పడుతుంది. తబలా, గాయని కలిసి పాటను నిలబెట్టారు. అప్పటినుంచి చిన్న యూపీఎస్ లేకుండా గుమ్మం దాటను.

రొద వస్తోందని ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ఆ పిన్ను తీసేస్తే మైకు ముట్టుకున్న గాయకుడికి షాక్ కొట్టే ప్రమాదం ఉంది. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యనివ్వకండి.

విదేశీ తెలుగు సభలకు వెళ్లేటప్పుడు కీబోర్డులు చాలావరకు అక్కడే అద్దెకు తీసుకుంటారు. ఒక మోడల్‌లో దాచిన టోన్లు ఇంకో కంపెనీ మోడల్‌లో తెరుచుకోవు. అందుకే ఏ మోడల్ ఇస్తారో ముందే రాయించుకుంటాం. మన కరెంటు 230 వోల్టులు, అమెరికాది 120. అడాప్టర్ మీద 100–240 అని రాసి ఉంటే భయం లేదు, లేకపోతే మార్చే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

సభ పెట్టేవాళ్లకు మూడు మాటలు

వాద్యాలకు లైట్లతో సంబంధం లేని ఒక కరెంటు లైను, మంచి ఎర్త్‌తో ఇవ్వండి. పాటల జాబితా, గాయకుల శ్రుతులు వారం ముందు పంపండి. సౌండ్ చెక్‌కు రెండు గంటలు కేటాయించండి; గాయకుల ముందు మానిటర్‌లో కీబోర్డు స్పష్టంగా వినపడితేనే వాళ్ల శ్రుతి నిలుస్తుంది.

వీటికి పెద్ద ఖర్చు లేదు. ఖర్చు పెట్టే స్తోమత ఉంటే ఆ డబ్బుతో ఒక వేణువు కళాకారుణ్నో, ఒక వయొలిన్ కళాకారుణ్నో పిలవండి. మా ఊళ్లలో మంచి వాయిద్యకారులు పిలుపు లేక ఇంట్లో కూర్చుంటున్నారు. కీబోర్డులోని వేణువు, వేణువు దొరకని రోజు కోసం. వేణువు కళాకారుడు వచ్చిన రోజు ఆ టోన్ నేనే తీసేస్తాను, ఆయన ఊపిరికి కింద స్ట్రింగ్స్ పరిచి వెంట నడుస్తాను.