మిగిలిన చేపకు మరో ఇల్లు

“అన్నా, మీవి బోరు నీళ్లా, కృష్ణా నీళ్లా?”

హైదరాబాద్‌లో అక్వేరియం పెంచేవాళ్లు ఒకచోట చేరితే చేప జాతి కన్నా, ధర కన్నా ముందు వినిపించే ప్రశ్న ఇదే. రాతి పొరల్లోంచి పైకొచ్చే బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. గప్పీలకూ మోలీలకూ ఆ నీళ్లు హాయి. అమెజాన్ మెత్తటి నీళ్లకు అలవాటుపడ్డ నియాన్ టెట్రాలకు అంతగా పడవు. మన కాలనీ బోరు నీళ్లలోనే పుట్టి పెరిగిన గప్పీ పక్క వీధి ట్యాంకులో ఇట్టే కుదురుకుంటుంది. ఎక్కడో పుట్టి, హోల్‌సేల్ తొట్టెలోనూ దుకాణం ట్యాంకులోనూ నీళ్లు మారుతూ వచ్చిన చేపకు ఆ సుఖం లేదు.

ఇలా పెంచేవాళ్లు తమ దగ్గర మిగిలిన చేపల్నీ మొక్కల్నీ ఇచ్చిపుచ్చుకునే స్వాప్ మీట్ జరిగేది ఓ అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో, ఆదివారం పొద్దున. వరసగా బల్లలు, వాటి మీద థర్మాకోల్ పెట్టెలు, మూడో వంతు నీళ్లు, మిగతాదంతా గాలి నింపి రబ్బరు బ్యాండ్లు బిగించిన కవర్లు. పిల్ల చేపలు ఇరుక్కోకుండా కవరు మూలలు ముడిచి టేపు వేశారు. వాటికి ముందురోజు నుంచే మేత ఆపేశారు, ప్రయాణంలో నీళ్లు పాడవకుండా. ఒక బల్ల మీద చెర్రీ రొయ్యలు, మరో బల్ల మీద రాయికి దారంతో కట్టిన జావా మాస్, పక్కనే కట్టలు కట్టిన ఎండు బాదం ఆకులు. ఫైటర్ చేప ఉన్న ట్యాంకులో ఆ ఆకు వేస్తే నీళ్లు లేత టీ రంగుకు తిరుగుతాయి. ఆ జాతి పుట్టిన చోట నీళ్లు కూడా అలాంటివే. కొన్నిటికి ఇరవయ్యో ముప్పయ్యో రూపాయలు తీసుకుంటారు. చాలావాటికి మొక్కకు చేప, చేపకు రొయ్య.

అసలు ఇన్ని చేపలు ఎక్కడివి? ఒక్క ఆడ గప్పీని అడిగితే చాలు. గుడ్లు పెట్టదు, సుమారు నెలకోసారి నేరుగా పిల్లల్నే కంటుంది, ఒక్కో కాన్పుకు పాతిక, ముప్పై, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఒకసారి మగచేపతో కలిస్తే ఆ వీర్యాన్ని నెలల తరబడి ఒంట్లోనే దాచుకుని, మగచేప లేకపోయినా కంటూనే ఉంటుంది. సరదాగా నాలుగు తెచ్చుకున్న ఇంట్లో ఏడాది తిరక్కుండానే ట్యాంకు చాలదు. దుకాణదారు అన్నిసార్లూ తీసుకోడు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి మాత్రం చేపలు కావు, ఒక బకెట్‌లో నానుతున్న పాత ఫిల్టరు స్పాంజీలు. కొత్తగా మొదలుపెట్టే వాళ్లకు అవి ఉచితం. చేప విసర్జించే అమ్మోనియా విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారిస్తే గానీ చేపకు ప్రమాదం తగ్గదు. కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా తగినంత పెరగడానికి నెల, నెలన్నర పడుతుంది. కొత్తవాళ్ల చేపలు మొదటి వారాల్లోనే చనిపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. నడుస్తున్న ట్యాంకులోని స్పాంజి ముక్క తెచ్చి పెడితే పెరుగు తోడేసినట్టే, ఆ నిరీక్షణ బాగా తగ్గిపోతుంది. “కుళాయి నీళ్లతో కడగొద్దమ్మా, క్లోరిన్ వల్ల బ్యాక్టీరియా చస్తుంది” అని ఓ పెద్దాయన కాలేజీ అమ్మాయికి పదేపదే చెబుతున్నారు. “మరి దేంతో కడగాలి అంకుల్?” “ట్యాంకులోంచి తీసిన నీళ్లతోనే.” ఆ మాటకు ఏ దుకాణంలోనూ బిల్లు రాయరు.

ఇలాంటి కలయికలు కొత్తవేమీ కావు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ అక్వేరియం సొసైటీ 1911 నాటిది. మనకు మాత్రం ఇవి సరదా కన్నా పెద్ద అవసరం. ట్యాంకు శుభ్రం చేస్తుందని వేలెడంత ఉన్నప్పుడు కొనే సక్కర్ చేప అడుగు దాటి పెరుగుతుంది. ఇంట్లో పట్టదు, చంపడానికి మనసొప్పదు. తీసుకెళ్లి చెరువులో వదిలితే పుణ్యమనుకుంటారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ చేపకు ఒళ్లంతా ఎముక పలకలే. గాలి మింగి బతకగలదు, గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. ఇవాళ ఆంధ్రప్రదేశ్ కాలువల్లో, చెరువుల్లో మత్స్యకారుల వలలు చింపుతున్నది అదే. వాళ్లు దాన్ని దెయ్యం చేప అంటారు. పడినా కొనేవాడు ఉండడు. నీళ్లలో మిగిలే డీఎన్ఏ జాడలతో దాని ఉనికిని పట్టుకునే పద్ధతిని హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించాల్సి వచ్చింది. చెరువులను కప్పేసిన గుర్రపుడెక్క కూడా ఒకప్పుడు పువ్వు అందం చూసి తెచ్చుకున్న మొక్కే. దయతో చెరువులో వదిలిన చేప ఆ చెరువుకు దయ చూపదు. అందుకే, మీట్‌లో ఓ మూల నీలం డ్రమ్ములో ఉన్న అడుగున్నర సక్కర్‌ను పెద్ద ట్యాంకున్న ఒకాయన ఒప్పుకుని తీసుకెళ్లడమే ఆ రోజు జరిగిన అన్నిటికన్నా మంచి పని అని నేను నమ్ముతున్నాను.

ఇళ్లలోని ట్యాంకులు ఇంతకన్నా పెద్ద మేలు చేసిన ఉదంతం కూడా ఉంది. మెక్సికోలో టెకీలా అగ్నిపర్వతం దగ్గరి ట్యుచిట్లాన్ నదిలో మాత్రమే ఉండే చిన్న చేప, టెకీలా స్ప్లిట్‌ఫిన్, ఒక దశలో ఆ నదిలోనే లేకుండా పోయింది. అభిరుచితో పెంచేవాళ్లు దాన్ని ఐరోపాలో కాపాడుకుంటూ వచ్చారు. 1998లో ఇంగ్లండ్‌లోని చెస్టర్ జూ నుంచి ఐదు జతలు మెక్సికోలోని ఒక విశ్వవిద్యాలయానికి చేరాయి. వాటి సంతానాన్ని ఏళ్ల తర్వాత మళ్లీ అదే నదిలో వదిలారు. శాస్త్రవేత్తలు నీటినీ జబ్బులనూ పరీక్షించి, చేప సొంత నదిలోకే వదిలిన పని అది. మనం సంచిలో తెచ్చి చెరువులో ఒంపడానికి దాంతో పోలికే లేదు.

ఇలాంటి ఆదివారాలు విజయవాడలో, రాజమండ్రిలో, వరంగల్‌లో కూడా రావాలి. పెద్ద ఖర్చేమీ లేదు. ఒక హాలు, నాలుగు బల్లలు, జబ్బు చేపను చూడగానే పట్టుకోగల అనుభవజ్ఞులు ఇద్దరు, ఎవరూ తీసుకోని చేపలను సాయంత్రం తన ఇంటికి తీసుకెళ్తానని ముందే మాటిచ్చిన మనిషి ఒకరు.