మూలమూ – వివరణా

సాఫ్ట్‌వేర్‌ను నిర్మించడం ఎంత ముఖ్యమో, దానిని ఉపయోగించే విధానాన్ని వివరించడమూ అంతే ముఖ్యం. ఇటువంటి వివరణనే 'డాక్యుమెంటేషన్' అంటారు. సూత్రం మారినప్పుడు వ్యాఖ్య కూడా మారాలి. ప్రోగ్రాము నుండి తొలగించిన ఆదేశం వివరణలో మిగిలిపోతే, కొత్తగా నేర్చుకునే విద్యార్థి దోషం తనదేనని భ్రమపడి ఎంతో కాలాన్ని వ్యర్థం చేసుకుంటాడు.

పైథాన్ భాష డాక్యుమెంటేషన్ కోసం గేయోర్గ్ బ్రాండ్ల్ రూపొందించిన 'స్ఫింక్స్' అనే ఉపకరణం 2008లో వెలువడింది. రచయిత కొద్దిపాటి గుర్తులతో సాదా పాఠం వ్రాస్తే చాలు; విషయసూచిక, పదసూచిక, లంకెలతో కూడిన వెబ్ పుటలను అది సిద్ధం చేస్తుంది. ప్రోగ్రాములోనే పొందుపరచిన వివరణలను సైతం గ్రహిస్తుంది. ఆ పాఠాన్ని ప్రోగ్రాముతో పాటు ఒకేచోట భద్రపరిస్తే, రెండింటినీ కలిపి సవరించడం సులభమవుతుంది.

ప్రచురణ భారాన్ని 2010లో ప్రారంభమైన 'రీడ్ ది డాక్స్' స్వీకరించింది. మూలప్రతిలో మార్పు చేరగానే ఆ సమాచారాన్ని అందుకొని, పుటలను తిరిగి నిర్మించి ప్రకటిస్తుంది. పాత వెర్షన్‌ను వాడేవారి కోసం దానికి తగిన వివరణను కూడా వేరుగా నిలిపి ఉంచగలదు.

వివరణలోని ఉదాహరణలను నడిపించి, ఫలితాలు సరిపోయాయో లేదో పరీక్షించే సౌకర్యమూ స్ఫింక్స్‌లో ఉంది. అయితే ఆ వాక్యం చదువరికి బోధపడుతుందా, అతనికి కావలసిన విషయం అందులో ఉందా అన్నది ఈ ఉపకరణాలు తేల్చలేవు. పుటలు పేర్చే శ్రమ యంత్రానిది. అర్థానికి పూచీ మాత్రం రచయితదే.