నేలమీది కళ్ళు

'ఎవరి వీపు వారికి కనపడదు' అంటారు మన పెద్దలు. మూడువందలమందిని ఆకాశంలో మోసుకుపోయే విమానచోదకుడికి కూడా ఈ మాట వర్తిస్తుందంటే విడ్డూరంగా తోస్తుంది. కాని నిజం అంతే! పైలట్టు ముందు ఎన్నో తెరలు, దీపాలు, మీటలు వుంటాయి. తన విమానం పొట్ట మాత్రం అతనికి కనపడదు. వెనుకవైపు సామాన్ల గది తలుపు ఎలా పడిందో అతడు కూర్చున్నచోటునుంచి కంటితో చూడలేడు. బయలుదేరే ముందు పైలట్లలో ఒకరు దిగివచ్చి విమానం చుట్టూ ఒక ప్రదక్షిణం చేస్తారు. ఆ తరువాత జరిగేదంతా చూసేది ఎవరు? నేలమీద పనిచేసేవాళ్ళు.

విమానం ఆగి, ప్రయాణికులను దించి, మళ్ళీ ఎక్కించుకునే సిమెంటు మైదానాన్ని 'రేంపు' అంటారు. శంషాబాదులోనో, గన్నవరంలోనో కిటికీ పక్కన కూర్చున్నవారు ఆ మనుషులను చూసే వుంటారు. మెరిసే చొక్కాలు తొడుక్కుని, చెవులకు డిప్పలు పెట్టుకుని పెట్టెలు ఎక్కించేవారు, ఇంధనం నింపేవారు, బళ్ళు నడిపేవారు, మరమ్మతు చేసేవారు. మనం వారికేసి రెండోసారి చూడం. కాని ఒక్కొక్కప్పుడు మన ప్రాణాలు వారి చూపుమీదే ఆధారపడి వుంటాయి.

ఒకే వూరు, రెండు కథలు

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ విమానాశ్రయంలో ఒక వింత బాధ వుంది. మట్టితో గూళ్ళు కట్టే ఒకరకం కందిరీగలు విమానాల ముక్కు దగ్గర వుండే చిన్న గొట్టాల్లో కాపురం పెడతాయి. ఆ గొట్టాలను 'పీటోగొట్టాలు' అంటారు. ఎదురుగాలి వాటిలో దూరితేనే విమానం ఎంత వేగంతో పోతున్నదో పైలట్టుకు తెలుస్తుంది. గొట్టం మూసుకుపోతే వేగం తెలియదు. అందుకని విమానం నిలిచివున్నంతసేపూ వాటికి తొడుగులు వేస్తారు. ఎగిరే ముందు తీసెయ్యాలి. మరచిపోకుండా ఎర్రని పట్టీలు వేలాడదీస్తారు.

2018 జూలై 18 రాత్రి మలేసియాకు పోవలసిన ఎయిర్‌బస్ ఎ330 విమానం ఆ తొడుగులతోనే బయలుదేరింది. పైలట్ల తనిఖీలోగాని, నేలమీదివారి తనిఖీలోగాని ఆ సంగతి బయటపడలేదు. వేగం చూపవలసిన తెర తప్పు చూపుతున్నదని పైలట్లు గ్రహించేసరికి ఆగే సమయం దాటిపోయింది. ఎగరక తప్పలేదు. సుమారు గంటసేపు గాలిలో అవస్థపడి, ఎలాగో క్షేమంగా తిరిగి దిగారు.

నాలుగేళ్ళు గడిచాయి. 2022 మే 27న అదే విమానాశ్రయంలో సింగపూరు పోయే ఎ350 విమానం సిద్ధంగా వుంది. మళ్ళీ తొడుగులు అలాగే వున్నాయి! కదలడానికి ఇక రెండు నిమిషాలు. పక్క స్థానంలో మరో కంపెనీ తరఫున ఇంధనం నింపే పనివాడి కన్ను అటు పడింది. అది అతని విమానం కాదు. అతని కంపెనీ పని కాదు. అయినా వెళ్ళి అక్కడి ఇంజనీరుకు చెప్పాడు. తొడుగులు తీసేశారు. విమానం మామూలుగా వెళ్ళిపోయింది. లోపలి ప్రయాణికులకు చీమ కుట్టినట్టయినా తెలిసివుండదు.

ఒక సంగతి గమనించండి. రెండుసార్లూ తప్పు ఒకటే. తేడా అల్లా ఒక మనిషి నోరు విప్పడం.

చెప్పడం ఎలా?

విమానం కదలకముందు అయితే దగ్గరే వున్న ఇంజనీరుకో, పనిపెద్దకో చెప్పవచ్చు. విమానానికి తగిలించిన తీగ టెలిఫోనులో కాక్‌పిట్టుతో మాట్లాడవచ్చు. తీగ తీసివేశాక చేతులే భాష. రెండు వెలుగు కర్రలు తలపైన అడ్డంగా దాటిస్తే 'ఆగు' అని అర్థం. ఒక చేత్తో మంట వున్నచోటు చూపుతూ, రెండో చెయ్యి భుజంనుంచి మోకాలిదాకా విసురుతూ వుంటే 'నిప్పు' అని అర్థం. విమానం దూరం జరిగిపోతే కంట్రోల్ టవరుకు కబురంపి రేడియోలో చెప్పించాలి. ఎంత తొందరైనా తిరుగుతున్న ఇంజను ముందుకు మాత్రం పరుగెత్తరాదు. అది మనిషిని లోపలికి లాగేసుకుంటుంది.

ఇన్ని దారులుండగా చెప్పకుండా వుండిపోవడం ఎందుకు? కారణాలు మూడు.

మొదటిది, 'వాళ్ళకు తెలియదా!' అనుకోవడం. 1989 మార్చి 10న కెనడాలోని డ్రైడెన్‌లో ఒక ఫాకర్ విమానం రెక్కలమీద మంచు పేరుకుంది. దాన్ని రేంపునుంచి కాదు, కిటికీల్లోంచి లోపలివారే చూశారు. అందులో పరిచారిక వుంది. ప్రయాణికులుగా వస్తున్న ఇద్దరు పైలట్లూ వున్నారు. కెప్టెనుకు తెలిసే వుంటుందనీ, పెద్దవాడికి మనం చెప్పేదేమిటనీ వూరుకున్నారు. విమానం లేచిన కొద్ది క్షణాలకే చెట్లలో కూలింది. 69మందిలో 24మంది పోయారు.

రెండోది భయం. 2005 డిసెంబరు 26న అమెరికాలోని సియాటిల్‌లో సామాన్ల బండి ఒకటి విమానం పక్కటెముకకు తగిలింది. బండి నడిపినవాడు ఎవరికీ చెప్పలేదు. విమానం 26 వేల అడుగుల ఎత్తుకు పోయాక దెబ్బతిన్న రేకు పగిలి అడుగు పొడవున చిల్లి పడింది. లోపలి గాలి పోయి, ప్రాణవాయువు తొడుగులు కిందికి దిగాయి. అదృష్టవశాత్తు విమానం వెనక్కు వచ్చి దిగింది, ఎవరూ చనిపోలేదు. ఆ మాట ముందే చెప్పివుంటే విమానం ఆలస్యమయ్యేది, అంతే.

మూడోది, ఏది చూడాలో నేర్పకపోవడం. 1974 మార్చి 3న పారిస్ దగ్గరి ఓర్లీలో టర్కీ కంపెనీ డిసి-10 విమానం సామాన్ల తలుపును ఒక కార్మికుడు మూశాడు. మీట కిందికి వచ్చింది, తలుపు పడిందనుకున్నాడు. లోపలి కొక్కేలు మాత్రం సరిగా పడలేదు. హెచ్చరిక ఇంగ్లీషులోనూ టర్కీ భాషలోనూ రాసివుంది. అతనికి ఆ రెండూ రావు. కొక్కేలను చూడడానికి చిన్న కిటికీ వుంది. అందులోంచి చూడమని అతనికి ఎవరూ చెప్పలేదు. గాలిలో తలుపు వూడిపోయి 346మంది మరణించారు. తప్పంతా మొదట ఆ కార్మికుడి నెత్తిన వెయ్యబోయారు. ఆ తలుపు కట్టుబడిలోనే లోపం వుందనీ, 1972లోనే ఆ లోపం బయటపడిందనీ తరువాత లోకానికి తెలిసింది.

శిక్ష వద్దు, సమాచారం కావాలి

ఈ అనుభవాలనుంచి విమానరంగం ఒక పాఠం నేర్చుకుంది. చెప్పినవాడిని శిక్షిస్తే రెండోవాడు చెప్పడు. అమెరికాలో 1976లో ఒక పద్ధతి ప్రారంభమయింది. పైలట్లేగాక నేలమీది సిబ్బంది కూడా తాము చూసిన ప్రమాదాలను, తాము చేసిన పొరపాట్లను రాసి పంపవచ్చు. ఆ వుత్తరాలు తీసుకునేది శిక్షలు వేసే శాఖ కాదు, అంతరిక్ష సంస్థ 'నాసా'. పేర్లు తీసివేసి, విషయం మాత్రం అందరికీ తెలియజేస్తారు. 2013లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ నిబంధనలు కూడా ఇలా స్వచ్ఛందంగా చెప్పేవారికి రక్షణ వుండాలంటున్నాయి. కావాలని చేసిన తప్పుకు మాత్రం ఈ రక్షణ వర్తించదు.

అయితే కాగితంమీది నిబంధన ఒక్కటే చాలదు. ఎండలో పెట్టెలు మోసే కుర్రవాడు 'అయ్యా, ఇక్కడేదో కారుతోంది' అన్నప్పుడు, 'నీకేం తెలుసు? పక్కకు తప్పుకో' అన్న పెద్ద ఒక్కడుంటే ఆ కుర్రవాడు మళ్ళీ నోరెత్తడు. చూసి, ఏమీ లేదని తేలినా, 'మంచిపని చేశావు' అన్న పెద్ద వుంటే వందమంది కళ్ళు విమానానికి కాపలా కాస్తాయి. వృథా అయ్యేది పది నిమిషాలు. దక్కేది ఎన్ని ప్రాణాలో లెక్కకట్టడం ఎవరి తరం?

ఈసారి మీ విమానం బయలుదేరడం పది నిమిషాలు ఆలస్యమయితే విసుక్కోకండి. కింద ఎవరో ఒకరు ఏదో చూసి, చెప్పివుండవచ్చు.