నీటి క్రింద ఊపిరి

నల్లగొండ, మహబూబునగరము జిల్లాలు సముద్రమునకు దూరమైన మెట్టప్రాంతములు. మన బాలబాలికలలో అనేకులు సముద్రమును చూచి యెఱుగరు. అయినను నీరు మనకు క్రొత్త గాదు. ఎండకాలపు సెలవులలో ఎండిన సొరకాయబుఱ్ఱను నడుమునకు కట్టుకొని మోటబావిలో ఈత నేర్చినవారును, కృష్ణలో పుట్టి నెక్కి ఆవలిగట్టు చేరినవారును మనలో పలువురు గలరు. మఱియు మన జిల్లాల విద్యార్థులు విహారయాత్రకై నాగార్జునసాగరమునకు పోయి, అచ్చటనుండి లాంచీలో నాగార్జునకొండ ద్వీపమును చేరుచుందురు.

ఆ లాంచీ పోవు దారి క్రింద ఒక లోయ మునిగియున్నది. క్రీస్తుశకము 3, 4 శతాబ్దములలో ఇక్ష్వాకురాజులకు రాజధానియైన విజయపురి ఆ లోయలోనిదే. 1955 డిసెంబరు 10వ తేదీన ఆనకట్టకు శంకుస్థాపన జరిగెను. నీరు నిండకమునుపే, 1954 మొదలు 1960 వఱకు పురావస్తుశాఖవారు ఆ లోయను త్రవ్వి పరిశోధించిరి. ముఖ్యమైన కట్టడములలో కొన్నింటిని కొండమీదికిని, కొన్నింటిని అనుపునకును తరలించిరి. తక్కినది నీటిపాలయ్యెను. లాంచీ అంచున నిలిచి క్రిందికి చూచు బాలునకు ఒక ప్రశ్న తోచుట సహజము: “క్రిందికి దిగి చూడరాదా? మనుష్యుడు నీటిలో ఎంతసేపు ఉండగలడు?”

జలాశయములు అట్టి వినోదములకు తగిన స్థలములు కావు. కాని ఉష్ణమండల సముద్రములలో ఈ పనికై సెలవులు గడపువారు వేలకొలది గలరు. ఈజిప్టు దేశమునొద్ద ఎఱ్ఱసముద్రమునందును, మాల్దీవులయందును, థాయిలాండునకు పడమటనున్న అండమాను సముద్రమునందును, ఆస్ట్రేలియాకు ఈశాన్యముననున్న గొప్ప పగడపు దిబ్బలయొద్దను, నీటిలో మునిగి చూడగోరువారికొఱకే ఏర్పఱచిన ఓడలు తిరుగుచుండును. తీరమునకు గంటలకొలది దూరముననున్న దిబ్బలకు ప్రతిదినము పోయివచ్చుట వ్యర్థప్రయాస. కావున యాత్రికులు వారము దినములైనను ఆ యోడలోనే భుజించి, నిద్రించి, దానినుండియే నీటిలోనికి దిగుదురు. అట్టి యోడకు లివబోర్డు అని పేరు. వారు చేయు పనికి స్కూబా డైవింగు అని పేరు. మన దేశమున అండమాను దీవులలో, 2018లో స్వరాజ్ ద్వీపమని పేరు మార్చబడిన హావ్‌లాక్ దీవియందు ఈ విద్య నేర్పు పాఠశాలలు గలవు. శ్రీకాకుళ విశాఖపట్టణ ప్రాంతములనుండి వలసపోయిన తెలుగువారు ఆ దీవులలో అనేకులు స్థిరపడియున్నారు.

ఓడలో దినచర్య ఇట్లుండును. తెల్లవారగానే గంట మ్రోగును. నాయకుడు పలకమీద దిబ్బయొక్క పటము గీచి, ఎంత లోతునకు దిగవలయునో, ప్రవాహము ఏ దిక్కునకు పోవుచున్నదో, ఎప్పుడు మరలవలయునో వివరించును. యాత్రికులు ఇద్దరిద్దరు జంటలై, ఒకరి పరికరములను మఱియొకరు పరీక్షింతురు. ముప్పావుగంటయో గంటయో నీటిలోనుండి, పైకి వచ్చి, భుజించి విశ్రమించి, మరల దిగుదురు. దినమునకు మూడు నాలుగు మునకలు. ఎవరు ఎంత లోతున ఎంతసేపు ఉండిరో పుస్తకమున వ్రాసికొందురు. ఇది సెలవుదినముల వినోదమే యైనను, మన పాఠశాల గంటకన్న కఠినమైన క్రమమున నడచును. దీని కారణము తెలియవలెనన్న నీటిలో ఊపిరి పీల్చు విధమును తెలిసికొనవలెను.

బావిలో ఆడుకొను బాలురు బొప్పాయి కాడ నొకదానిని నోటబెట్టుకొని, దాని కొన నీటిపైన నుంచి, మునిగి గాలి పీల్చుటకు యత్నింతురు. మూరెడు లోతు దాటగానే గాలి అందుట కష్టమగును. గజము లోతున ఇంచుమించు అసాధ్యము. కాడ పొడవుగా లేకపోవుట దీనికి కారణము కాదు. నీటి బరువు ఱొమ్మును నలుదెసల నొక్కుచుండును. ఊపిరితిత్తులలోని గాలికి మాత్రము పైనున్న గాలి ఒత్తిడియే గలదు. ఆ భేదమును ఱొమ్ము కండరములు జయింపజాలవు. కావున లోతునకు పోవువానికి, చుట్టునున్న నీటి ఒత్తిడికి సమానమైన ఒత్తిడిగల గాలి కావలెను.

ఈ చిక్కును విడదీసినవారు ఇద్దరు ఫ్రెంచివారు. ఒకరు నౌకాదళపు అధికారి కూస్తో. మఱియొకరు గాన్యాన్ అను ఇంజనీరు. రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలునకు కఱవు కలుగగా, మోటారుబండ్లను గ్యాసుతో నడుపుటకై గాన్యాన్ ఒక కవాటమును సిద్ధపఱచెను. దానిని మార్చి, 1943లో వారిరువురును నీటిలో ఊపిరి పీల్చు పరికరమును నిర్మించిరి. వీపున కట్టుకొను ఇనుప సిలిండరులో గాలి సుమారు 200 రెట్లు దట్టించి నింపబడును. నోటిలోని రెగ్యులేటరు, పీల్చినప్పుడు మాత్రమే, ఆ లోతునకు తగిన ఒత్తిడితో గాలి నిచ్చును. విడిచిన ఊపిరి బుడగలై పైకి పోవును.

నీటిలో దిగు ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణపు ఒత్తిడి హెచ్చును. నీటిమట్టమున ఒకటి, 10 మీటర్ల లోతున రెండు, 20 మీటర్ల లోతున మూడు, 30 మీటర్ల లోతున నాలుగు. ఒత్తిడి రెట్టింపైనచో గాలి పరిమాణము సగమగునని రాబర్టు బాయిల్ 1662లో ప్రకటించిన నియమము మన భౌతికశాస్త్ర తరగతిలో చదువుకొనునదే. మీదినుండి 6 లీటర్ల గాలిని తిత్తిలో బిగించి దింపినచో, అది 10 మీటర్లయొద్ద 3 లీటర్లును, 20 మీటర్లయొద్ద 2 లీటర్లును అగును. బావిలో లోతునకు మునిగినప్పుడు చెవులు పోటుపెట్టుటయు ఈ నియమమువలననే. ముక్కు మూసికొని మెల్లగా లోనికి ఊదినచో చెవి లోపలి గాలి సరిపడి నొప్పి తగ్గును.

ఇచ్చట బావి ఈతగాడు జాగ్రత్తగా గమనింపవలసిన భేదమొకటి గలదు. అతడు గట్టుమీద పీల్చిన గాలిని బిగబట్టి మునుగును. ఆ గాలి లోతున కుదించుకొని, పైకి రాగానే మొదటి పరిమాణమునకు వచ్చును. ఊపిరితిత్తులకు హాని లేదు. సిలిండరు ధరించినవాడు 10 మీటర్ల లోతున ఊపిరితిత్తుల నిండుగా పీల్చి, భయముచే దానిని బిగబట్టి పైకి వచ్చెననుకొనుడు. ఆ గాలి రెట్టింపై, చోటు చాలక, ఊపిరితిత్తులను చీల్చివేయును. నిలువెత్తు నీటిలో సయితము ఈ యపాయము సంభవింపవచ్చును. కావున స్కూబా విద్యలో మొదటి సూత్రమిది: ఎన్నడును ఊపిరి బిగబట్టరాదు. బావిలో మనలను కాపాడిన యలవాటే సముద్రములో చంపునదగును. ఈతలో ప్రవీణుడైనవాడు సయితము అచ్చట మరల ఒకటవ తరగతిలో కూర్చుండవలసినదే.

రెండవ సూత్రము మెల్లగా పైకి వచ్చుట. దీనికి గోళీసోడాయే నిదర్శనము. గోళీ బిగిసియున్నంతవఱకు బుడ్డిలో బుడగ కానరాదు. గోళీని లోనికి నొక్కగానే ఒత్తిడి తగ్గి, నీటిలో కరగియున్న గాలి బుసబుస పొంగును. గాలిలో ఐదింట నాలుగు పాళ్లు నత్రజని. లోతున నున్నప్పుడు అది మనుష్యుని రక్తమందును, దేహమందును అధికముగా కరగును. అతడు తొందరపడి పైకి వచ్చినచో, ఆ నత్రజని దేహమునందే బుడగలుగా పొంగి, కీళ్లను బాధించును. వెన్నుపామును తాకినచో కాళ్లు చచ్చుపడును. ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును.

ఈ వ్యాధిని లోకము మొదట విహారయాత్రికులలో చూడలేదు, కూలివారిలో చూచెను. 19వ శతాబ్దమున నదులలో వంతెన పునాదులు త్రవ్వుటకై, దట్టించిన గాలి నింపిన పెద్ద పెట్టెలలో కూలివారిని దింపుచుండిరి. పని ముగించి పైకి వచ్చినవారిలో కొందఱు నడువలేకయు, కొందఱు మరణించియు పోయిరి. న్యూయార్కు నగరమున బ్రూక్లిన్ వంతెన కట్టించిన ఇంజనీరు రోబ్లింగు సయితము 1872లో దీనిచే పీడితుడయ్యెను. నత్రజని బుడగలే కారణమని పాల్ బేర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1878లో నిరూపించెను. తరువాత జాన్ స్కాట్ హాల్డేన్, మేకలపై పరీక్షలు జరిపి, ఎంత లోతునుండి ఎచ్చటెచ్చట ఎంతసేపు ఆగుచు పైకి రావలయునో 1908లో పట్టికలు ప్రకటించెను. నేడు ఆ లెక్కను మణికట్టుమీది చిన్న యంత్రము చేయుచున్నది. నిమిషమునకు 9 మీటర్లకు మించక పైకి వచ్చి, 5 మీటర్ల లోతున మూడు నిమిషములు ఆగుట నేటి యాచారము. ఓడలో మునక మునకకు నడుమ విశ్రాంతియు ఇందుకొఱకే. పలుదినములు మునిగినవాడు కడపటి మునక తరువాత 18 గంటలైనను విమాన మెక్కరాదు.

ఆ హాల్డేనుగారి కుమారుడు జె. బి. ఎస్. హాల్డేన్ మనకు మఱింత సన్నిహితుడు. 1939లో థీటిస్ అను బ్రిటిషు జలాంతర్గామి మునిగి అనేకులు మరణింపగా, ఆయన ఒత్తిడి గదిలో తన దేహము మీదనే పరీక్షలు చేసికొనెను. వానివలన గాయములును పొందెను. 1957లో మన దేశమునకు వచ్చి, 1961లో భారతపౌరుడై, 1964లో భువనేశ్వరమున మరణించెను. తన దేహమును వైద్యవిద్యకై ఉపయోగింపవలెనని కోరియుండుటచే, దానిని కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు చేర్చిరి. నీటి క్రింద పరుల ప్రాణములు నిలుపుటకై బాధ ననుభవించిన ఆ దేహము తుదకు తెలుగు విద్యార్థులకు పాఠమయ్యెను.

మూడవ సూత్రము జాగరణ. 2019 సెప్టెంబరు 2వ తేదీ తెల్లవారకముందు, అమెరికాలోని కాలిఫోర్నియా తీరమునొద్ద కన్సెప్షన్ అను ఇట్టి డైవింగు ఓడ కాలిపోయి, క్రింది గదిలో నిదురించుచున్న 34 మంది మరణించిరి. రాత్రి ఓడయంతయు తిరుగుచు కావలి కాయవలసినవాడు లేకపోవుటచే మంటను ఎవరును సకాలమున కనుగొనలేదని విచారణలో తేలెను. వారందఱు సముద్రపు లోతులనుండి క్షేమముగా తిరిగివచ్చినవారే. ఒక్కడు మేలుకొనియుండిన ఎందరి ప్రాణములు నిలిచియుండునో!

ఇన్ని నియమములు పాటించి వారు చూడబోవునది యేమి? పగడపు దిబ్బ. పగడము రాయివలె కనబడినను, అది కోట్లకొలది చిన్న జీవులు కట్టుకొన్న ఇల్లు. వాని దేహములలో సూక్ష్మమైన నాచు నివసించి, సూర్యకాంతిచే ఆహారము సిద్ధముచేసి పెట్టును. సముద్రజలము మితిమీరి వేడెక్కినచో ఆ నాచు విడిపోయి, పగడము తెల్లబడును. వేడి చాలకాలము నిలిచినచో చచ్చును. మన లక్షద్వీపములలో 1998, 2010, 2016 సంవత్సరములలో ఇట్లు జరిగెను. చేతితో తాకినను, కాలితో తన్నినను ఆ జీవులకు హాని కలుగును. అందుచే మంచి డైవరు దేనిని ముట్టడు, దేనిని తీసికొనిరాడు. సృష్టికర్త చేతిపనిని చూచి, దానిని ఉన్నచోటనే విడిచి వచ్చుట అతని మర్యాద.

బాలబాలికలారా! మీలో కొందఱు ఒకనాడు ఆ సముద్రములను చూడవచ్చును. కాని బావులును, చెఱువులును, కాలువలును నేడే మీ యెదుట నున్నవి. అందుచే ఒక హెచ్చరిక చెప్పక విడువరాదు. ఎవడు ఎక్కువసేపు మునిగియుండునో అని పందెము వేసికొని, మునుగుటకు ముందు గబగబ పలుమార్లు గట్టిగా ఊపిరి తీసి విడుచు బాలురు గలరు. అట్లు చేసినచో ప్రాణవాయువు అంతగా హెచ్చదు. దేహములోని బొగ్గుపులుసు వాయువు మాత్రము తగ్గిపోవును. “ఇక ఊపిరి తీయుము” అని మనలను తొందరపెట్టునది ఆ వాయువే. అది తగ్గుటచే ఆ తొందర కలుగకమునుపే ప్రాణవాయువు చాలక, బాలుడు నీటిలోనే స్మృతి తప్పును. కేక వేయడు, చేతులు కొట్టుకొనడు. గట్టుమీదివారు వాడు పందెము గెలుచుచున్నాడని చప్పట్లు కొట్టుచుండగనే వాని ప్రాణము పోవును. ఈతలో ఆరితేరినవారే ఈ విధముగా మరణించుట కలదు. కావున అట్టి పందెములు వేయకుడు, వేయువారిని ఆపుడు. ఒంటరిగా నీటిలో దిగకుడు. తోడు వచ్చినవాడు గట్టున కూర్చుండి ముచ్చటలాడక, నీటిలోనివానిమీదనే కన్నుంచవలెను. తల్లిదండ్రులును సెలవులలో ఈ సంగతి మఱువకుందురుగాక.

లోతునకు దిగుటకు ధైర్యము చాలును. క్షేమముగా పైకి వచ్చుటకు విద్యయు, ఓర్పును, తోడివానియందు శ్రద్ధయు కావలెను. ఇది పగడపు సముద్రమునకెంత నిజమో, మన ఊరి మోటబావికిని అంతే నిజము.