తీగ కొనయందలి బిరడా

నూతిలో గులకరాయి వేసినచో అలలు ఒరను తాకి మరలివచ్చుట విద్యార్థులెల్లరును చూచినదే. తీగలో పోవు విద్యుత్సంకేతమునకును ఇట్టి స్వభావమే కలదు. అది యెఱుగక తీగలు కట్టినచో గదిలోని కంప్యూటర్లన్నియు ఒక్కమాఱుగా మూగపోవును.

1973వ సంవత్సరమున అమెరికాలోని పాలో ఆల్టో నగరమందు, జిరాక్సు వారి పరిశోధనాలయములో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ మొదలగువారు పెక్కు కంప్యూటర్లను ఒకే కేబులునకు తగిలించి సమాచారము నడపు విధానమును ఆరంభించిరి. దీనికి ఈథర్‌నెట్ అని పేరు. వీథి పొడవున ఒకే గొట్టముండి, ఇంటింటివారును దానికే కొళాయి పెట్టుకొనినట్లు, యంత్రములన్నియు ఆ యొక్క కేబులునే పంచుకొనును. ఇట్టి యమరికను బస్ అందురు. 1980 తరువాత కార్యాలయములయందును కళాశాలలయందును వ్యాపించిన సన్నని కేబులు లోపల నొక రాగితీగయు, దానిచుట్టు లోహపు అల్లికయు గలది. దాని పొడవు 185 మీటర్లకును, యంత్రముల సంఖ్య 30కిని మించరాదు. సెకనునకు కోటి బిట్లు, అనగా ఒకట్లును సున్నలును, దానిలో పంపబడెడివి.

సంకేతము ఈ కేబులులో సెకనునకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పరుగెత్తును. 185 మీటర్లు దాటుటకు సెకనులో పదిలక్షలవ వంతు చాలును. అంత స్వల్పకాలము లెక్కలోనిది కాదనుకొనరాదు. ఆలోపలనే పంపు యంత్రము ఇంచుమించు మఱి తొమ్మిది బిట్లను విడిచియుండును. కేబులు కొనను ఏమియు తగిలింపక విడిచినచో సంకేతము వెనుదిరిగి, ఎదురువచ్చు బిట్లపై బడి వానిని చెఱుచును. కొనయందు రాగితీగ అల్లికను తాకియున్నచో అదే సంకేతము తలక్రిందులై వచ్చును. చేదత్రాటి యొక కొనను స్తంభమునకు బిగించి, రెండవ కొనను ఒక్కమాఱు పైకి విదల్చి చూడుడు: పైకి లేచిపోయిన వంపు క్రిందుగా మరలివచ్చును.

ఇందులకు ప్రతిక్రియ మిగుల సులభము. ప్రతి కేబులునకును, దాని తీగ లావును బట్టియు నడుమనున్న పదార్థమును బట్టియు, పరుగెత్తు సంకేతమునకు తోచు నిరోధమొకటి కలదు. పై కేబులునకు అది 50 ఓములు. (మీటరు పెట్టి కొలిచిన నిది కానరాదు, కేబులు పొడవుతోను దీనికి సంబంధము లేదు.) రెండు కొనలయందును, రాగితీగకును అల్లికకును నడుమ, సరిగా 50 ఓముల నిరోధమును బిరడావలె బిగించినచో, కేబులు ముగిసినదని సంకేతమునకు తెలియనే తెలియదు, దాని శక్తి యంతయు ఆ నిరోధములో వేడిమియై యణగును. ఈ బిరడాకే టెర్మినేటర్ అని పేరు. టెలివిజను కేబులునకు వాడు 75 ఓముల బిరడా చూపునకు ఇట్టిదే. కాని దానిని పెట్టినచో సంకేతపు వోల్టేజిలో అయిదవ వంతు మరలివచ్చును.

ఒక బిరడా యూడినచో నష్టము ఆ కొననున్న యంత్రమునకే యని పలువురు భ్రమపడుదురు. అట్లు కాదు. ఒకటి పోగానే కేబులుమీది సగటు వోల్టేజి రెండింతలగును. రెండు యంత్రములు ఒక్కసారి పంపునప్పుడును వోల్టేజి ఇట్లే పెరుగును గావున, పంపబూనిన ప్రతి యంత్రమును మఱియొకటి అడ్డువచ్చినదని యెంచి మాటిమాటికి ఆగిపోవును. ముప్పది యంత్రములును నిర్దోషములే. పని మాత్రము సున్న. జాగ్రత్తకొఱకని ప్రతి యంత్రమువద్దను బిరడా పెట్టువారును కలరు. అదియు తప్పే, నడుమ పెట్టిన బిరడా సంకేతమును మ్రింగుటయే గాక తానును కొంత వెనుకకు త్రిప్పును.

1990 తరువాత ప్రతి యంత్రమునకును వేఱు కేబులు వేయు పద్ధతి వ్యాపించి, కార్యాలయములలో ఈ బస్ కనుమఱుగైనది. మోటారుకార్లలో మాత్రము ఇట్టి యమరిక నేటికిని కలదు. 1986లో జర్మనీలోని బాష్ వారు ప్రకటించిన క్యాన్ పద్ధతియందు మెలివేసిన రెండు తీగలును, కొనకొక 120 ఓముల నిరోధమును ఉండును. బండి నాపి, విద్యుత్తు తీసివేసి, ఆ రెండు తీగల నడుమ మీటరు పెట్టినచో 60 ఓములు చూపవలయును. 120 చూపినచో ఒక కొనను బిరడా లేదు.