నచ్చిన కారా... నమ్మిన కారా?

"యాభై రెండేళ్లొచ్చాక నీకు స్పోర్ట్స్ కారెందుకే?" ఫోన్‌లో అమ్మ అడిగిన మొదటి మాట ఇది. నవ్వొచ్చింది. నిజమే మరి! ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మాది ఇరవై ఆరేళ్ల కాపురం. కారంటే పిల్లల స్కూలు, ఇంటి సరుకులు... అంతే. పిల్లలు ఉద్యోగాలకు వెళ్లిపోయాక, నా జీతంలోంచి దాచుకున్న 12 వేల పౌండ్లతో టాపు తీసి తిరిగే రెండు సీట్ల కారు కొనుక్కోవాలనిపించింది.

తెనాలిలో నాన్న నాకు డ్రైవింగ్ నేర్పింది ప్రీమియర్ పద్మినిలో. పొద్దున్నే చోక్ లాగితే తప్ప స్టార్టయ్యేది కాదు. అందుకేనేమో, అమ్మకానికున్న 1973 నాటి ఎంజీబీని చూడగానే మనసు పారేసుకున్నాను. మెరిసే క్రోమ్ బంపర్లు, అదే చోక్ మీట, అదే పెట్రోలు వాసన! 1962 నుంచి 1980 దాకా ఆబింగ్‌డన్ ఫ్యాక్టరీలో తయారైన బండి అది. నలభై ఏళ్లు దాటిన కారుకి ఇక్కడ రోడ్డు పన్ను కట్టక్కర్లేదు. పెద్ద మార్పులేవీ చేయకపోతే ఏటా తప్పనిసరి తనిఖీ కూడా లేదు.

"ఇంకేం, కొనేయ్" అన్నారు మావారు. మా అమ్మాయి మాత్రం "తనిఖీ అక్కర్లేదంటే బండి బాగున్నట్టేనా అమ్మా?" అంది. ఆ మాట గుచ్చుకుంది. తెలిసిన మెకానిక్‌ని తీసుకెళ్లాను. పైన పటారం, లోన లొటారం! తలుపుల కింద ఉండే సిల్స్‌లో, రంగు చాటున తుప్పు. టాపు లేని కారుకి బలమంతా అక్కడే ఉంటుందట. పైగా ఇక్కడ 2021 నుంచి మామూలు పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు గొట్టాలకు అది పడదు.

అయినా ఆశ చావక నడిపి చూశాను. సన్నగా వాన. ముందు కారు టక్కున ఆగింది. బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి బండి జర్రున జారింది. బెత్తెడు దూరంలో ఆగింది. ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు. ఇంటికొచ్చాక కూడా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

మరుసటి వారం 2016 మోడల్ మజ్దా ఎంఎక్స్-5 చూశాను. పాత బ్రిటిష్ కార్ల తరహాలోనే జపాన్ వాళ్లు చేసి, 1989లో షికాగోలో మొదటిసారి చూపించిన కారిది. 2016 నాటికి పది లక్షలు తయారయ్యాయి. స్టీరింగు తేలిక కావడంతో నా బొటనవేలి కీళ్లనొప్పికి హాయిగా ఉంది. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే పెడల్ గడగడలాడింది కానీ, బండి గీత గీసినట్టు తిన్నగా ఆగింది. అన్నీ బాగున్నాయి... నాన్న మాత్రం గుర్తు రాలేదు.

రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. చివరికి నన్ను నేనొకటే అడిగాను: రోజూ నడపడానికా, ఆదివారం తుడుచుకుని మురిసిపోవడానికా? నాకు నడపాలని ఉంది. మజ్దానే కొన్నాను.

మీ ఇంట్లోనూ పాత బండి, కొత్త బండి అని తర్జనభర్జన పడుతుంటే ముందు అడుగు భాగం చూపించండి. కొన్నాక రిపేర్లకు కొంత డబ్బు పక్కన పెట్టండి. వానలో ఓసారి నడిపి చూడండి. ఆ తర్వాతే మనసు మాట వినండి.

అమ్మకి ఫోన్ చేసి చెబుతూ "నాన్న ఉంటే పాతదే కొనమనేవారేమో" అన్నాను.

"నీ మొహం! ముందు బ్రేకులు చూసుకోమనేవారు" అంది అమ్మ.

మనసు తేలికపడింది.