ఎత్తు పెంచిన జీపు వెనుక ఎందుకు వణకును?

కోనసీమలో గోదావరి పాయయగు వైనతేయ పొంగి మామిడికుదురు, అప్పనపల్లి ప్రాంతముల పల్లపు దారులు మునిగినప్పుడు, జీపును నీటికందనంత యెత్తు చేయవలెనని తోచుట సహజమే. అయితే ఆ యెత్తుతోపాటు వెనుక నుండి వణకును మ్రోతయును ఏల పుట్టును?

గేరుబాక్సు శక్తిని వెనుక ఇరుసునకు చేర్చు ప్రొపెల్లర్ షాఫ్టు, బండి పైకి లేచిన కొలది మరింత ఏటవాలుగా నిలుచును. షాఫ్టు రెండు కొనలనుండు యూనివర్సల్ జాయింటు అట్లు వాలినప్పుడు, 17వ శతాబ్దమున శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్ గుర్తించినట్లు, షాఫ్టు ఒక చుట్టు తిరిగినప్పుడెల్ల 2 మారులు వేగమును హెచ్చించి తగ్గించును. రెండు కొనల కోణములు సమానమైనచో ఒకదాని యొడుదుడుకును రెండవది రద్దు చేయును, లేనిచో బండి యెల్ల వణకును.

కావున వేగముతో వణకు హెచ్చినచో షాఫ్టును, యాక్సిలరేటరు నొక్కినప్పుడొక తీరునను వదలినప్పుడు వేరొక తీరునను కూత వినబడినచో ఇరుసులోని క్రౌన్, పినియన్ పండ్లను, రివర్సు గేరు వేయగనే 'టక్కు'మన్నచో జాయింటునో, కమానుపట్టీలను ఇరుసునకు బిగించు యూ బోల్టులనో శంకింపవలెను. గుంతలలో మాత్రమే దడదడలాడినచో దోషము బుష్షులదో షాకబ్జార్బరుదో కావచ్చును.

కోనసీమలో మాత్రము వీనికన్న ముందు ఇరుసు నూనెను చూచుటయే మేలని నా యభిప్రాయము. వేడియెక్కిన ఇరుసు వరదనీట మునిగి చల్లబడగా లోని గాలి సంకోచించును. ఇరుసు గాలిగొట్టము మూసుకొనియున్నచో సీళ్ల సందులనుండి నీటిని పీల్చుకొనును. నూనె పాలవలె తెల్లబారినచో బేరింగులు త్రుప్పుపట్టకముందే దానిని మార్చవలయును.